ఓడెక్కితే దోషం ఎవరికి?

ప్రొద్దుటూరులో ఓ కుటుంబం వేసవి సెలవులకు క్రూయిజ్ ఎక్కాలనుకుంటోందనుకోండి. ఇద్దరు పిల్లలు, వాళ్ల అమ్మానాన్న, అవ్వ. ఇప్పటిదాకా వాళ్లెరిగిన విహారమల్లా జమ్మలమడుగు మీదుగా గండికోట పోయి, పెన్న లోయ అంచున నిలబడి ఫొటోలు దిగి, మాధవరాయ స్వామి గుడి చూసి చీకటి పడేలోగా ఇల్లు చేరడమే. ఈసారి చెన్నై పోయి ఓడెక్కుదామని కొడుకు అంటాడు. గది ఎంత, తిండి ఎట్లా అన్న లెక్కలు తేలేలోపే అవ్వ నోట ఒక మాట వస్తుంది: "సముద్రం దాటితే దోషం గదరా నాయనా?"

పిల్లలు నవ్వేస్తారు. నవ్వి వదిలేయాల్సిన ప్రశ్న కాదది. దాని వెనక కనీసం రెండు వేల ఏళ్ల తర్జనభర్జన ఉంది.

బౌధాయన ధర్మసూత్రం పతనీయాలు, అంటే మనిషిని కులం నుంచి జారవిడిచే పనులు, కొన్నింటిని వరసగా చెబుతుంది. అందులో మొదటిది సముద్రయానం. ప్రాయశ్చిత్తం మూడేళ్లు: నాలుగు పూటలకు ఒకసారి మితంగా తినాలి, మూడు వేళలా స్నానం చేయాలి, పగలంతా నిలబడి రాత్రంతా కూర్చుని గడపాలి. అవ్వ భయం ఊరికే పుట్టలేదన్నమాట. కానీ అదే వరసలో ఇంకేమున్నాయో కూడా చూడాలి. భూమి విషయంలో అబద్ధమాడటం అందులో ఉంది. దొరికిన సరుకల్లా అమ్మి వ్యాపారం చేయడమూ ఉంది. ఈ లెక్కన మూడేళ్ల వ్రతం పట్టాల్సినవాళ్లు ఓడల్లో కంటే కోర్టు ఆవరణల్లోనే ఎక్కువమంది దొరుకుతారు!

ఆ గ్రంథంలోనే ఇంకో చోట ఇంతకంటే రుచికరమైన సంగతి ఉంది. ఉత్తరాదివాళ్లకూ దక్షిణాదివాళ్లకూ ఆచారాల్లో ఐదేసి తేడాలున్నాయంటూ, ఉత్తరాది వింతల్లో సముద్రం మీద పోవడాన్నీ, దక్షిణాది వింతల్లో మేనమామ కూతుర్ని పెళ్లాడటాన్నీ చేర్చాడు బౌధాయనుడు. ఏ ప్రాంతపు ఆచారం ఆ ప్రాంతానికి చెల్లుతుందన్న వాదం చెప్పి, ఆ మాట తప్పన్న గౌతముడి అభిప్రాయాన్నీ ఎత్తి చూపి, చివరికి రెండు వైపుల ఆచారాలనూ పక్కన పెట్టమన్నాడు. మనవాళ్లు ఏం చేశారు? మేనరికాన్ని ముచ్చటగా ఉంచుకున్నారు, సముద్రాన్ని మాత్రం వద్దన్నారు. శాస్త్రం పాటించడంలో మనకు కావలసింది ఏరుకునే అలవాటు కొత్తదేమీ కాదు.

మనుస్మృతిలోనూ ఇదే తంతు. సముద్రయానం చేసినవాణ్ణి శ్రాద్ధానికి పిలవకూడదంటుంది ఒక అధ్యాయం. నదిలో పడవ కిరాయికి దూరాన్ని, కాలాన్ని బట్టి లెక్క ఉంది గానీ సముద్రానికి అలాంటి లెక్క లేదంటుంది మరో అధ్యాయం. ఓడలు తిరగకపోతే కిరాయి మాటెందుకు? జనం పోతూనే ఉన్నారు, శాస్త్రం గొణుగుతూనే ఉంది. తర్వాతి కాలపు కలివర్జ్యాల, అంటే కలియుగంలో మానుకోవాల్సిన పనుల, పట్టికలు దీన్ని బిగించాయి: సముద్రం దాటిన ద్విజుణ్ణి ప్రాయశ్చిత్తం చేసుకున్నా మళ్లీ కలుపుకోకూడదన్నాయి. 1888లో గాంధీ లండన్ చదువుకు బయల్దేరితే బొంబాయిలోని మోఢ్ బనియా కులపెద్దలు ఆయన్ని వెలివేశారు.

ఇది తాతల కాలంతో పోయిందా అంటే అదీ లేదు. 2008లో ఉడుపి కృష్ణుడి గుడిలో పుత్తిగె మఠం పర్యాయం, అంటే పూజల వంతు, వచ్చినప్పుడు, విదేశాలు తిరిగొచ్చిన స్వామి కృష్ణ విగ్రహాన్ని తాకి పూజ చేయడమేంటని మిగతా మఠాల స్వాములు అభ్యంతరం చెప్పారు. ఆయన వెళ్లింది ఓడలో కాదు, విమానంలో. అదే ప్రొద్దుటూరు ఉన్న కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయి డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా బతుకుతున్న వేలమందిని ఏ పెద్దమనిషీ దోషం గురించి అడగలేదు. వాళ్లు పంపిన డబ్బుతో ఊళ్లో గుడికి సున్నం వేస్తే కాదన్నవాళ్లూ లేరు.

అసలు పట్టింపు ఉప్పునీటి మీద కాదు, ఓడలో బతుకు మీద. నెలల తరబడి సంధ్యావందనం సాగదు, ఎవరు వండారో తెలియని కూడు, మంచినీళ్లకు కటకట, పక్కన ఎవరు పడుకుంటారో తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకూ మారిషస్‌కూ, మద్రాసు నుంచి నటాల్‌కూ పోయిన తెలుగు కూలీలు ఆ అనుభవం నిండుగా చూశారు. కులం కట్టుబాటు ఓడ మీదే సడలింది. కానీ దేవుడు సడలలేదు. మారిషస్ తెలుగువాళ్లు సింహాద్రి అప్పన్నను ఇప్పటికీ కొలుస్తున్నారు, అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. సముద్రం దాటితే ధర్మం చెడుతుందన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు ఏ పండితుడూ రాయలేదు.

సముద్రం మనకు దూరమనుకుంటే గండికోటనే తీసుకోండి. తీరానికి ఇంత దూరాన, ఎర్రమల కొండల మీద ఉన్న కోట. 1652లో ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే సముద్రం మీద మచిలీపట్నం చేరి, అక్కణ్ణుంచి ఈ కోటకు వచ్చాడు. ఆయన కలవాలనుకున్న మీర్ జుమ్లా గోల్కొండ సుల్తాను సేనాని. ఇరాన్‌లో పుట్టి, వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి, సొంత ఓడలు నడిపినవాడు. పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను గెలిచిన మీర్ జుమ్లా, అతని దగ్గరికి బేరానికి వచ్చిన తావెర్నియే ఇద్దరూ ఓడెక్కి వచ్చినవాళ్లే. మనం గడప దాటకపోయినా సముద్రం మన గడపకు వచ్చింది.

ఇక అవ్వ ప్రశ్నకు తెలుగు నేల మీదే ఇంకో రకం జవాబు ఉంది. అది రాతి మీద ఉంది. బాపట్ల తీరాన మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244-45లో చెక్కించిన అభయశాసనం. అంతకుముందు రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవారు. సముద్రాన్ని నమ్మి ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్లకు ధనం ప్రాణం కంటే ఎక్కువ కాబట్టి దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని గణపతిదేవుడు మాటిచ్చాడు.

స్మృతులు ఓడెక్కినవాడి దోషాన్ని లెక్కగట్టాయి. గణపతిదేవుడు ఒడ్డున ఉన్నవాడి బాధ్యతను లెక్కగట్టాడు. నీళ్ల మీదికి పోయినవాణ్ణి ఎలా చూడాలన్నదే అక్కడ ధర్మం. ఈ రెండింటిలో రెండోదే గట్టిదని ఒప్పుకోక తప్పదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో పాపికొండల పర్యాటక బోటు మునిగి పదుల మంది చనిపోయారు. గోదావరి అప్పుడు వరదలో ఉంది. వాళ్లంతా సెలవు పూట ఇంటిల్లిపాదీ సరదాగా బయల్దేరినవాళ్లే. అక్కడ దోషం ఎక్కినవాళ్లదా, వరదలో బోటు వదిలినవాళ్లదా? ఏ ధర్మశాస్త్రం తెరిచినా దీనికి రెండు జవాబులుండవు.

కాబట్టి ప్రొద్దుటూరు ఇంట్లో జరగాల్సిన చర్చ మారాలి. పెద్ద ఓడల్లో విహారం మనకు దగ్గరికొచ్చింది. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చింది, 2023లో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. తొలిసారికి రెండు మూడు రాత్రుల ప్రయాణం చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువ, ఆ నెలలు మానుకోవడం మేలు. అవ్వకు కడుపులో తిప్పకుండా ఉండాలంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకోవాలి. అక్కడ ఊపు తక్కువ. ఆమెకు పూజ చేసుకునే వీలు, ఉల్లి వెల్లుల్లి లేని భోజనం ఉంటాయో లేదో ముందే కనుక్కోవాలి. చాదస్తం కాదది, ఆమె తనతో తీసుకుపోతున్న ఇల్లు. గదిలో దీపం వెలిగించనివ్వరని కూడా ముందే చెప్పాలి. ఓడలో మంటను మించిన భయం లేదు.

టైటానిక్ 1912లో మునిగాక, 1914లో ప్రాణరక్షణ కోసం అంతర్జాతీయ ఒప్పందం ఒకటి కుదిరింది. ఆ ఒప్పందమే పెరిగి పెద్దదై, ఈనాడు ప్రయాణికులందరికీ ఆపద వస్తే ఎక్కడ చేరాలో, జాకెట్ ఎలా కట్టుకోవాలో నేర్పడం తప్పనిసరి చేసింది. పిల్లలు ఈత కొలను దగ్గరికి, పెద్దలు భోజనాల దగ్గరికి జారుకునేది ఆ పాఠం చెప్పే వేళే. ఆ కాసేపు మాత్రం ఇంటిల్లిపాదీ, అవ్వతో సహా, అక్కడ నిలబడాలి.

పెద్ద ఓడకు డబ్బు కట్టేముందైనా, ఊరి చెరువులో చిన్న బోటెక్కేముందైనా, అడగాల్సినవి ఇవే: పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లున్నాయా, ఎంతమందికి అనుమతి ఉంది, ఈరోజు ఎంతమందిని ఎక్కిస్తున్నారు, వాతావరణ హెచ్చరిక ఏమైనా ఉందా? సూటిగా జవాబు చెప్పనివాళ్ల బోటు ఎక్కకండి, కట్టిన డబ్బు పోయినా సరే.