ఆప్తుడి మాట

వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్షించే సదరం క్యాంపు రోజున సికిల్ సెల్ ఉన్న మనిషి చాలాసార్లు తన కాళ్ల మీద తనే నడిచి లోపలికి వస్తాడు. చేతులు పైకెత్తమంటే ఎత్తుతాడు. అడిగినదానికి తడుముకోకుండా జవాబిస్తాడు. పది రోజుల కిందట అదే మనిషి ఎముకల్లో పొడుస్తున్న నొప్పికి మంచం మీద మెలికలు తిరిగిపోయి ఉండవచ్చు. కొడవలిలా వంగిన ఎర్ర రక్తకణాలు సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడితే వచ్చే నొప్పి అది. చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా మొదలవుతుంది. తగ్గిపోయాక చర్మం మీద చిన్న గుర్తు కూడా మిగలదు. స్లాట్ దొరికిన తేదీకీ, నొప్పి వచ్చే తేదీకీ ఏ సంబంధమూ ఉండదు.

ఎదురుగా కూర్చున్న డాక్టరుకు దయ లేకపోవడం వల్లే ఇక్కడ చిక్కు వస్తోందనుకోవడం పొరపాటు. ఆయన ముందున్నది వైద్యంకన్నా చాలా పాత ప్రశ్న. ఒకరి బాధ ఇంకొకరికి ఎలా తెలుస్తుంది?

మన తార్కికులు ఈ ప్రశ్నను వదిలిపెట్టలేదు. న్యాయదర్శనం ప్రకారం సుఖం, దుఃఖం ఆత్మకు చెందిన గుణాలు. ఎవరి దుఃఖం వారి మనసుకే ప్రత్యక్షం. పక్కవాడు దాన్ని కంటితో చూడలేడు. మొహం ముడుచుకుంటే, మూలుగు వినిపిస్తే ఊహించగలడు. గుర్తులేవీ లేనప్పుడు ఊహకూ ఆధారం ఉండదు. అప్పుడు మిగిలేది మాట. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం తర్వాత నైయాయికులు నాలుగో ప్రమాణంగా శబ్దాన్ని, అంటే నమ్మదగిన మనిషి చెప్పిన మాటను ఒప్పుకున్నారు. ఆ మనిషికి వారు పెట్టిన పేరు ఆప్తుడు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు దాన్ని పసిపిల్లలకు చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందు న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు మరో అడుగు వేశాడు. విషయం స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒక్కటే అన్నాడు. చదువు, కులం, హోదా ఇందులో లెక్కకు రావు. ఆ కొలత ప్రకారం పాడేరు కొండల నుంచి బస్సెక్కి వచ్చిన గిరిజన కుర్రాడు తన నొప్పి విషయంలో ఆప్తుడే. అతనికి తెలిసినంతగా అది ఇంకెవరికీ తెలియదు.

చట్టం ఈ దిశగా కొంత నడిచింది. 1995 నాటి చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు. 2016 చట్టం వాటిని 21కి పెంచింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ ఆ జాబితాలోకి వచ్చాయి. వచ్చి పోతూ ఉండే జబ్బు కూడా మనిషిని అశక్తుణ్ణి చేస్తుందని పార్లమెంటు ఒప్పుకున్నట్టే. కానీ ముఖ్యమైన ప్రయోజనాలకు గీత 40 శాతం వైకల్యం దగ్గరే ఉంది. తెగిన వేలును కొలవడానికి పట్టిక ఉంటుంది. పొద్దున లేచి పళ్లు తోముకునేసరికే ఓపిక అయిపోయే మనిషి అలసటను ఏ పట్టికతో కొలవాలి?

ఆ అంకె మీద ఇంట్లో బియ్యం ఆధారపడి ఉంటాయి. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. సికిల్ సెల్, తలసీమియా, తీవ్రమైన హీమోఫీలియా, డయాలసిస్ రోగులకు 10,000. తెలంగాణలో దివ్యాంగులకు ఆసరా కింద 4,016. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైకల్య పింఛన్లను మళ్లీ తనిఖీ చేయించినప్పుడు, 40 శాతం కన్నా తక్కువ అని తేలినవారికి నోటీసులు వెళ్లాయి. ఒకనాడు నమ్మిన మాటనే మరోనాడు అనుమానించడం ఆ కుటుంబాలకు డబ్బు పోవడంకన్నా పెద్ద దెబ్బ.

దొంగ సర్టిఫికెట్లు లేవా? ఉన్నాయి. ఆప్తుణ్ణి గుర్తించే షరతులు పెట్టిన తార్కికులకు అబద్ధాలకోరుల సంగతి తెలియకేం కాదు. పరీక్షించవద్దని వారు అనలేదు. అబద్ధం చెప్పేవాళ్లున్నారు కాబట్టి మాట ప్రమాణమే కాదని మాత్రం తీర్మానించలేదు. దొంగను పట్టుకోవడానికి వేసిన వలలో నిజంగా జబ్బున్నవాళ్లు చిక్కుకుంటే ఆ వలను మార్చుకోవలసిందే.

కాగితాలకన్నా ముందు రోగిని ఆపేది ఇంకొకటుంది. ఏ జన్మలో ఏ పాపం చేశామో అన్న మాట. ఇంట్లోవాళ్లే అంటారు, ఒక్కోసారి రోగి తనకు తానే అనుకుంటాడు. చేసుకున్న కర్మ అనుభవిస్తున్నవాడు సర్కారును ఏ మొహంతో అడుగుతాడు? ఈ మాటకు మతంలోనే జవాబుంది. అనుభవించే ప్రతి బాధా పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు బుద్ధుడు ఒప్పుకోలేదు. పైత్యం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు ఇవన్నీ కారణాలు కాగలవని, అంతా కర్మే అనేవారు తెలిసినదాన్ని దాటి మాట్లాడుతున్నారని చెప్పాడు. పుట్టుగుడ్డిని చూసి పాపం ఎవరిది, ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదన్నాడు ఏసు. 

బాధకు కారణం తేల్చడమే ముందు పని కాదని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూపించింది. కొబ్బరి, జీడితోటల మధ్య పల్లెల్లో వేలమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. వైకల్య చట్టంలోని 21 రకాల్లో కిడ్నీ జబ్బు లేదు. అయినా ఏళ్ల తరబడి ఆ ఊళ్లవాళ్లు చెప్పిన మాట రాష్ట్రం చెవిన పడింది. పింఛన్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కారణం తేలేదాకా సాయం ఆగనక్కర్లేదని అక్కడ రుజువైంది.

వినయపిటకంలో ఒక ఘట్టం ఉంది. విరేచనాలతో తన మలంలో తనే పడి ఉన్న భిక్షువు బుద్ధుడి కంటబడ్డాడు. ఎవరూ ఎందుకు చూడటం లేదని అడిగితే, నేను ఎవరికీ ఏ పనీ చేసి పెట్టను కదా అన్నాడతను. బుద్ధుడు, ఆనందుడు కలిసి అతన్ని కడిగి మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయమని బుద్ధుడు సంఘానికి చెప్పాడు. పని చేయలేని మనిషికి విలువేమిటన్నది ఆ భిక్షువు నోట వచ్చిన ప్రశ్న. పింఛను దరఖాస్తు పట్టుకుని నిలబడిన ప్రతి దీర్ఘరోగి గుండెలోనూ అదే ఉంటుంది.

తెలుగులో ఆప్తుడంటే ఇప్పుడు దగ్గరి స్నేహితుడు. శాస్త్రంలోని అర్థం, వాడుకలోని అర్థం దరఖాస్తు నింపడానికి పక్కన కూర్చునే మనిషిలో కలుస్తాయి. అతని పని జాలిపడటం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పించడం. ఎందుకంటే మనవాళ్లకు పెద్ద అడ్డంకి మర్యాద. ఎలా ఉందమ్మా అని డాక్టరు అడగ్గానే, పర్లేదండి బానే ఉంది అనేస్తారు. ఆ ఒక్క మాటతో ఏడాది బాధ కాగితం మీద మాయమవుతుంది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసీమియా బిడ్డ తల్లికి ఇది అనుభవం మీద తెలుస్తుంది. అందుకే ఇలాంటి తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి హైదరాబాద్‌లో నడుపుతున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటివి అవసరమయ్యాయి. ఒకసారి ఆ దారి నడిచిన మనిషి మాటకు బలం వేరు.

మీ ఇంట్లోనో, వీధిలోనో ఇలాంటి జబ్బుతో ఉన్నవారుంటే, వారికి బాగున్న రోజునే పక్కన కూర్చోండి. డిశ్చార్జి కాగితాలు, రక్తం ఎక్కించిన తేదీలు, పరీక్షల రిపోర్టులు వరసలో పెట్టండి. నొప్పి వచ్చిన రోజులు, పనికి వెళ్లలేని రోజులు క్యాలెండరు మీద రాయించండి. క్యాంపుకు వెంట వెళ్లండి. బానే ఉందని అనబోతే, మొన్న రాత్రి సంగతి కూడా చెప్పమని గుర్తుచేయండి. శాతం తక్కువ వచ్చిందని ఇంటికి తిరిగి వచ్చేయకండి. 2016 చట్టంలోని 59వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ మీద అప్పీలు చేసుకోవచ్చు.