పదహారు నెలల నర్సు చదువు



గత నెలలో ఒక ఆదివారం రెండవ పూజ ముగిసి పూజావస్త్రాలు మడతపెడుతుండగా, మా విచారణకు చెందిన దంపతులు గుమ్మం దగ్గర వచ్చి నిలబడ్డారు. ఆయన చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. "ఫాదరుగారూ, ఇది నిజమో మోసమో కాస్త చూసి చెప్పండి" అన్నారు.

అది అమెరికాలో ఉన్న వాళ్ళమ్మాయి పంపిన కాగితం. ఆ బిడ్డ ఇక్కడే బి.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివింది. పెళ్ళయి భర్తతో వెళ్ళి ఐదేళ్ళయింది. మూడేళ్ళ బాబు ఉన్నాడు. ఇంటికి దగ్గరలో ఒక చిన్న కళాశాల ఉంది. నర్సింగులో విడతకు ఇరవైమందినే తీసుకుంటారు. వేరే డిగ్రీ ఉన్నవారికి పదహారు నెలల్లో నర్సింగు డిగ్రీ ఇస్తారట. ఫీజును రూపాయల్లోకి మార్చి చూస్తే మనవైపు ఎకరన్నర మాగాణి. అమ్మడానికి తండ్రి సిద్ధంగానే ఉన్నాడు. ఆయన సందేహం ఒక్కటే. "మన దగ్గర జి.ఎన్.ఎం. చదవాలంటే మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. వాళ్ళు పదహారు నెలల్లో ఎలా ఇస్తారండీ?"

తల్లి మాట్లాడలేదు. ఆమెకు బాబు సంగతి బెంగ. అది తరువాత తెలిసింది.

ముందు తండ్రి ప్రశ్నకు జవాబు. అది మోసం కాదు. అక్కడ అటువంటి చదువులు చాలా ఉన్నాయి. సాధారణంగా 11 నుండి 18 నెలల దాకా ఉంటాయి. మొదటి డిగ్రీలో చదివిన సాధారణ పాఠాలను లెక్కలోకి తీసుకుని, నర్సింగు భాగం మాత్రం సెలవులు లేకుండా చెబుతారు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వంటివి ముందే పూర్తిచేసి రావాలి. ఆ కాలంలో ఉద్యోగం చేయవద్దని చాలా కళాశాలలు ముందే చెబుతాయి. చివరికి ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి. నాలుగేళ్ళు చదివినవారికైనా పదహారు నెలలు చదివినవారికైనా అదే పరీక్ష.

అయితే పరీక్ష ఒక్కటే చాలదు. 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఒక కుంభకోణాన్ని బయటపెట్టింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని మూడు నర్సింగు పాఠశాలల పేరుతో 7,600కు పైగా దొంగ సర్టిఫికెట్లు అమ్ముడయ్యాయి. చదవని పాఠాలు చదివినట్టు, ఆసుపత్రిలో చేయని పని చేసినట్టు కాగితాలు పుట్టించారు. కొన్నవారిలో రమారమి 2,400 మంది ఎన్‌క్లెక్స్ పరీక్ష ప్యాసయ్యారు కూడా! పుస్తకం బట్టీపట్టి పరీక్ష గట్టెక్కవచ్చు. కాని అర్ధరాత్రి రోగికి ఆయాసం ఎక్కువైనప్పుడు ఆ పుస్తకం పక్కన ఉండదు.

గురువిద్యార్థిగా తత్వశాస్త్రం చదివే రోజుల్లో నాకూ తొందర ఎక్కువే. ఈ అరిస్టాటిల్ ఎందుకు, ఈ తోమాసువారి సూత్రాలెందుకు, ఊళ్ళో జనం ఎదురుచూస్తుంటే అని గొణుక్కునేవాణ్ణి. ఆ అరిస్టాటిల్ చెప్పిన సంగతే ఇప్పుడు నాకు పనికొచ్చింది. ఇల్లు కట్టీ కట్టీ మనిషి తాపీ మేస్త్రి అవుతాడు, మంచి పని చేసీ చేసీ మంచివాడవుతాడు అంటాడాయన. కొన్ని విద్యలు చేతికి అబ్బాలి. చేతికి అబ్బడానికి రోగి మంచం దగ్గర గడిపిన గంటలు కావాలి. కాబట్టి నెలలు ఎన్ని అని కాదు, ఆ గంటలు పూర్తిగా ఉన్నాయా లేదా అని అడగాలి. మంచి కళాశాల నెలలు తగ్గిస్తుందిగాని ఆ గంటలు తగ్గించదు.

ఈ మాటే ఆయనకు చెప్పి, అమ్మాయి అడగవలసినవి ఆ కాగితం వెనకే రాసిచ్చాను. ఆ రాష్ట్ర నర్సింగు బోర్డు ఆమోదం ఉందా? సి.సి.ఎన్.ఇ. గాని ఏ.సి.ఇ.ఎన్. గాని గుర్తింపు ఇచ్చిందా? మొదటిసారి రాసి ఎన్‌క్లెక్స్ ప్యాసైనవారు నూటికి ఎందరు? ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇరవైమందే ఉన్నచోట ఇద్దరు తప్పితే నూటికి పది పడిపోతుంది, కనుక ఒక్క ఏడాది లెక్క చూసి మెచ్చుకోనూ కూడదు, భయపడనూ కూడదు. నాలుగైదేళ్ళ లెక్క అడగాలి. చేరిన ఇరవైమందిలో చివరిదాకా నిలిచినవారు ఎందరో కూడా అడగాలి. ఏ ఆసుపత్రిలో పని నేర్పుతారు, ఒక టీచరు కింద ఎంతమంది?

చిన్న కళాశాల అంటే నాకు చిన్నచూపు లేదు. చిన్నచోట టీచరు ప్రతి పిల్లనూ పేరుపెట్టి పిలుస్తుంది, వెనకబడితే పట్టుకుంటుంది. కాని చిన్నవి నిలబడటం ఈ మధ్య కష్టమైపోయింది. మిల్వాకీ ప్రాంతంలో ఫ్రాన్సిస్కన్ మఠకన్యలు 1937లో ప్రారంభించిన కార్డినల్ స్ట్రిచ్ విశ్వవిద్యాలయం 2023లో మూతపడింది. అక్కడ నర్సింగు కూడా చెప్పేవారు. మన సభవారు నడిపే సంస్థ కదా అన్న భరోసా ఒక్కటే చాలదు.

పొలం అమ్మే ముందు ఇంకొకటి తేల్చుకోమన్నాను. ఆమె భర్త వీసా మీద ఆధారపడి ఉంది. చదువుకోవడానికి అడ్డులేదుగాని, అక్కడి ప్రభుత్వ విద్యారుణం రాదు. భర్త గ్రీన్ కార్డు వ్యవహారం ఒక దశకు చేరితేగాని ఆమెకు ఉద్యోగం చేసే అనుమతి కూడా రాదు. డిగ్రీ చేతికొచ్చి ఇంట్లో కూర్చోవలసి వస్తే? బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని ప్రభువు అడిగింది (లూకా 14:28) శిష్యరికం గురించే, నిజమే. కాని ఆ ఉపమానం మాగాణి అమ్మబోయే తండ్రికి కూడా అక్షరాలా సరిపోతుంది.

అప్పుడు ఆ తల్లి నోరు విప్పింది. "అంత చదువు చదివితే బాబుని ఎవరు చూస్తారు స్వామీ? నేను వెళ్ళినా ఆరునెలలే గదా ఉండనిస్తారు."

దీనికి నా దగ్గర రాసిచ్చే ప్రశ్న లేదు. "అమ్మాయికి ఈ ఆలోచన ఎందుకొచ్చింది? జీతం కోసమా?" అని అడిగాను. జీతం కోసమైతే తప్పేమీ లేదు, పనివాడు కూలికి పాత్రుడే. ఆమె కాస్త ఆగి, "మా అత్తగారి దగ్గర కూర్చున్నది అదే గదండీ" అన్నది.

నాకు వెంటనే జ్ఞాపకం వచ్చింది. ఆ పెద్దామెకు అవస్థాభ్యంగనం ఇచ్చింది నేనే. పక్షవాతంతో మూడు నెలలు మంచాన ఉన్నది. ఈ పిల్ల అప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరం. రెండు గంటలకొకసారి నాయనమ్మను పక్కకు తిప్పేది, పుండ్లు కడిగేది. నేను వెళ్ళిన రోజు ఆ గదిలో వాసన లేదు. అంతకాలం మంచాన ఉన్న మనిషి గదిలో వాసన లేకపోవడం ఎంత చాకిరీతో సాధ్యమో ఇళ్ళకు వెళ్ళే గురువులకు తెలుసు.

మంచి సమరయుని కథ చెప్పుకునేటప్పుడు మనం అతని జాలిని మెచ్చుకుంటాం. అతను రెండు దీనారాలు ఇచ్చి మరునాడు వెళ్ళిపోయాడు. ఆ తరువాతి రాత్రులు గాయాల కట్లు ఎవరు మార్చారో, దాహమంటే ఎవరు లేచారో సువిశేషం చెప్పలేదు. ఆ సత్రంలో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.

మన గుంటూరుకు వచ్చిన డాక్టరు మేరీ గ్లోరీ గారి సంగతి పెద్దలకు తెలుసు. ఆస్ట్రేలియాలో ఉండగా 1915లో ఆమెకు దేవుని పిలుపు అందింది. వెంటనే ఓడ ఎక్కలేదు. యుద్ధం నడుస్తున్నది, చదువూ ముగియలేదు. 1919లో ఎం.డి. పూర్తిచేసి, 1920లో గుంటూరు చేరింది. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించినది ఆమెయే. పిలుపు నిజమైతే నాలుగేళ్ళలో చల్లారిపోదని ఆమెను చూస్తే తెలుస్తుంది. ఆ తల్లికి ఈ సంగతి చెప్పాను. ఎంతవరకు వినిపించుకున్నదో తెలియదు, ఆమె మనసంతా బాబు మీదే ఉంది.

మూడు వారాల తరువాత ఆయన మళ్ళీ వచ్చాడు. అమ్మాయి అన్నీ అడిగిందట. దగ్గరి కళాశాలకు బోర్డు ఆమోదం ఉందిగాని, ఏ ఆసుపత్రిలో పని నేర్పుతారో డబ్బు కట్టాకే చెబుతామన్నారట. ఆమె దాన్ని కొట్టేసింది. నలభై నిమిషాల దూరంలో ఇంకొకటి ఉంది. అదీ చిన్నదే, ఐదేళ్ళ లెక్కలు అడగకముందే చూపించారు. అందులో చేరడానికి కావలసిన అనాటమీ, ఫిజియాలజీ ముందు సాయంత్రం తరగతుల్లో ఒక్కొక్కటిగా చదువుతుందట, అల్లుడు ఇంటికి వచ్చాక. దానికి ఒక ఏడాది పడుతుంది. అప్పటికి బాబు బడికి వెళతాడు, పని అనుమతి సంగతీ తేలుతుంది.

పొలం కాగితాలు మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టానని ఆయన చెప్పాడు. వచ్చే నెల పెద్దామె సాంవత్సరికానికి పూజ రాసుకోమని, ఆ చందా ఈసారి అమ్మాయే పంపిందని ఆమె చెప్పింది.