ఆమె మాటకు ప్రమాణం ఏది? మూత్రం నిలవని బాధ, ప్రశ్నావళి, జ్ఞానమీమాంస

వైద్యంలో చాలా రోగాలకు నిర్వచనం రోగి నోట ఉండదు. రక్తపోటును కొలిచే పరికరం, రక్తంలో చక్కెరను తేల్చే పరీక్ష, విరిగిన ఎముకను చూపే ఎక్స్‌రే, రోగి పెదవి విప్పకపోయినా తమ మాట తాము చెబుతాయి. స్త్రీలలో మూత్రం నిలవకపోవడం ఈ వరసలో చేరదు. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002లో వెలువరించిన పరిభాష ఈ లక్షణాన్ని, తన అదుపు లేకుండా మూత్రం కారుతోందని బాధితురాలు చేసే ఫిర్యాదుగానే నిర్వచించింది. ఫిర్యాదే నిర్వచనంలోకి ప్రవేశించినచోట ఒక పాత తాత్త్విక ప్రశ్న కొత్తగా ఎదురవుతుంది: ఒక మనిషి తన దేహంలో తాను మాత్రమే ఎరిగినదాన్ని మాటలో పెట్టినప్పుడు, విన్నవారికి కలిగే జ్ఞానం యథార్థమని ఎవరు తేల్చాలి, దేనితో తేల్చాలి?

ఆ తేల్చే పనికి నేటి వైద్యం ప్రశ్నావళిని సాధనంగా చేసుకుంది. 2005లో అమెరికాలో వెలువడి క్విడ్ అన్న పొట్టిపేరుతో వాడుకలోకి వచ్చిన ప్రశ్నావళిలో ఆరే ప్రశ్నలున్నాయి. మొదటి మూడు దగ్గినప్పుడు, వంగి బరువెత్తినప్పుడు, వడిగా నడిచినప్పుడో పరుగెత్తి వ్యాయామం చేసినప్పుడో కారడం గురించినవి. పొత్తికడుపుపై ఒత్తిడి పెరగడంవల్ల వచ్చే ఈ రకానికి కాన్పులతో వదులైన కటికండరాలు ముఖ్యకారణం. తక్కిన మూడు, తట్టుకోలేనంత ఆత్రం పుట్టి మరుగుదొడ్డి చేరేలోపే తడిసిపోవడం గురించినవి. మూత్రాశయపు కండరం వేళకాని వేళ ముడుచుకోవడం దీని మూలం. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులు పడతాయి. మొదటి గుంపులో నాలుగు, రెండో గుంపులో ఆరు దాటితే లేక సమానమైతే ఆయా రకం ఉన్నట్టు లెక్క. వైద్యుల నిర్ధారణతో పోల్చి చూసినప్పుడు ఈ ప్రశ్నలు ఒత్తిడిరకం ఉన్నవారిలో నూటికి 85 మందిని పట్టుకున్నాయి, లేనివారిలో 71 మందిని లేదని సరిగా వదిలాయి. ఆత్రపురకంలో ఆ రెండు అంకెలూ 79.

ఇలాంటి ప్రశ్నావళిని మరో భాషలోకి తెచ్చాక అది అక్కడా నమ్మదగినదేనని నిరూపించే ప్రక్రియకు నిర్దిష్టమైన పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా అనువదించి, ఆ రెంటినీ కలిపి, మూలం చూడనివారి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, కొందరు స్త్రీలను కూర్చోబెట్టి ప్రతి ప్రశ్నా వారికి ఏమని అర్థమైందో విన్న తరువాత, అదే మనిషిని కొన్నాళ్లకు మళ్లీ అడిగితే అదే జవాబు వస్తుందా, ఒక గుంపులోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూస్తారు; ఈ పొసగడాన్ని 1951లో లీ క్రోన్‌బాక్ వివరించిన ఆల్ఫా అనే అంకెతో కొలిచి, 0.7కు తగ్గకపోతే చాలునంటారు. చివరికి వైద్యుడి నిర్ధారణ పక్కన పెట్టి పోలుస్తారు.

ఈ క్రమాన్ని భారతీయ దర్శనాల కళ్లతో చూస్తే పరతఃప్రామాణ్యం అనక తప్పదు. జ్ఞానం కలిగినంతమాత్రాన అది యథార్థమని తెలియదు, వేరొక ఆధారం వచ్చి బలపరచాలన్నది నైయాయికుల మతం. దూరాన నీళ్లు కనిపిస్తే, వెళ్లి తాగి దాహం తీరినప్పుడే కనిపించింది నీళ్లేనని తేలుతుంది. ఏడవ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు దీన్ని తిరగేశాడు. ప్రతి జ్ఞానాన్నీ మరో జ్ఞానం నిలబెట్టాలంటే ఆ రెండోదానికి మూడోది కావలసివస్తుంది, ఆ వరుసకు అంతుండదు. కనుక జ్ఞానం స్వతహాగా ప్రమాణమే, దానికి విరుద్ధమైన జ్ఞానం వచ్చినప్పుడో, అది పుట్టిన కారణంలో దోషం బయటపడినప్పుడో మాత్రమే తొలగిపోతుందన్నాడు. మీమాంసకులు ఈ వాదాన్ని ప్రధానంగా వేదవాక్యం కోసమే తెచ్చారనీ, మనుషుల మాటల్లో దోషాలుంటాయని వారికి బాగా తెలుసనీ ఇక్కడ మరచిపోరాదు. అయినా కుమారిలుడు చెప్పిన రెండు బాధకాలు, అంటే జ్ఞానాన్ని తొలగించే కారణాలు, ఈ చర్చకు నైయాయికుల కొలమానంకన్నా ఎక్కువ పనికొస్తాయి.

ఎందుకంటే, పోలికకు పెట్టే వైద్యుడి నిర్ధారణ కూడా చాలావరకు ఆమెను అడిగి తెలుసుకున్నదే. పొడిబట్టను గంటసేపు ధరింపజేసి తూచడం, నిండుమూత్రాశయంతో దగ్గించి చూడడం లాంటి పరీక్షలు ఉన్నమాట నిజమే కాని, ఆ గంటలో కారనంతమాత్రాన నెలరోజులుగా కారుతున్నది అబద్ధమైపోదు. మాటను మాటతోనే తూచి దానికి బంగారు కొలమానమని పేరు పెట్టడంలో ఉన్న చిక్కును కుమారిలుడు ముందే పట్టుకున్నాడు. న్యాయదర్శనంలోనే మరో సూత్రం ఇక్కడ ఆదుకుంటుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక కలవారే ఆప్తులనీ, ఈ లక్షణం ఋషికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేననీ వాత్స్యాయనుడు తన న్యాయభాష్యంలో తేల్చాడు. ఈ లెక్కన తన దేహం విషయంలో చేపలమ్మే స్త్రీ ఆప్తురాలే. ఆమెకు పట్టా అక్కరలేదు.

నెల్లూరు తీరంలో, మైపాడు, ఇసకపల్లి, కృష్ణపట్నం మొదలు పులికాట్ ఒడ్డు దాకా విస్తరించిన మత్స్యకార పల్లెల్లో ఈ ప్రశ్నావళిని అడగవలసివస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది. వ్యాయామం చేస్తూ పరుగెత్తడాన్ని గురించిన ప్రశ్నకు తలపై చేపల గంపతో ఇసుకలో నడిచే స్త్రీ లేదనే చెబుతుంది. ఆమె పరుగెత్తదు కనుక. ఇదే నెల్లూరులో విరాటపర్వం నుంచి భారతాన్ని తెనిగించిన తిక్కన మూలాన్ని కావలసినచోట కుదించాడు, కావలసినచోట పెంచాడు. కవికి చెల్లిన ఆ స్వేచ్ఛ ప్రశ్నావళి అనువాదకుడికి అంతగా చెల్లకపోయినా, పరుగును తీసి గంప పెట్టడం మాత్రం చెల్లుతుంది, పొత్తికడుపుపై ఒత్తిడి అన్న విషయం రెండింటా ఒకటే కాబట్టి.

మరుగుదొడ్డి చేరేలోపు తడవడమన్న ప్రశ్న ఇంత తేలిగ్గా లొంగదు. తర్కశాస్త్రంలో ఉపాధి అనే దోషం ఒకటుంది. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందని ఊహిస్తే తప్పు, కట్టె పచ్చిదైతేనే పొగ వస్తుంది. ఆ పచ్చితనమే ఉపాధి, దాన్ని చూడని అనుమానం చెల్లదు. అదే విధంగా, దొడ్డి చేరేలోపు తడుస్తోంది కనుక మూత్రాశయపు కండరం దోషమున్నదన్న అనుమానంలో దొడ్డి ఎంతదూరమన్నది ఉపాధి. పడకగదిని ఆనుకుని స్నానాలగది ఉన్న ఇంట్లో పుట్టిన ఈ ప్రశ్నకు, పెరటి చివర తలుపులేని గది ఉన్న ఇల్లాలు, వెలుగుండగా మగవాళ్ల ఎదుట ఒడ్డుకు వెళ్లలేక చీకటిదాకా బిగబట్టే స్త్రీ ఇచ్చే మార్కులు మూత్రాశయాన్ని కొలుస్తున్నాయో ఊరి కట్టడిని కొలుస్తున్నాయో ఆ అంకెలే చెప్పలేవు. దూరాన్ని అడగకుండా ఆత్రాన్ని అడగరాదు. ఎండలో రొయ్యలచెరువుల దగ్గర పనిచేసేవారు దొడ్డికి పోవలసివస్తుందని నీళ్లే తాగడం మానితే, వారికి సున్నా మార్కులు పడినా అది ఆరోగ్యం కాదు. తడికి కారణం తెల్లబట్టేనని సరిపెట్టుకునేవారి సంగతి వేరే చెప్పాలా?

ఉన్నదని చెప్పినవారి మాటకన్నా లేదన్నవారి మాట గట్టి చిక్కు. లేకపోవడాన్ని తెలుసుకునే మార్గంగా కుమారిలుడి అనుయాయులు, అద్వైతులు అనుపలబ్ధిని ఒప్పుకున్నారు. అయితే వస్తువు ఉంటే తప్పక కనిపించే పరిస్థితి ఉండాలని షరతు పెట్టారు. వెలుతురులో కుండ కనబడకపోతే లేదనవచ్చు, చీకట్లో కనబడకపోతే అనలేము. అత్త పక్కన కూర్చుని ఉండగా, ఊరి కుర్రవాడే కాగితం పట్టుకుని అడుగుతుండగా కోడలు లేదన్న జవాబు చీకట్లో కుండ వెతకడమే. క్విడ్‌ను మొదట పరీక్షించింది ఆసుపత్రికి తమంతట వచ్చిన స్త్రీలపైన. చెప్పుకోవాలని వచ్చినవారి నోట పనిచేసిన ప్రశ్న, చెప్పుకోకూడదని ఇంట ఉండిపోయినవారి నోట అదేవిధంగా పనిచేస్తుందన్న హామీ లేదు. నెల్లూరు జిల్లా స్త్రీలకు నోరు లేదనుకుంటే పొరపాటు. 1991-92లో అక్షరాస్యత తరగతుల్లోంచి లేచిన దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం, స్త్రీల మాటను రాష్ట్రమంతా ప్రమాణంగా ఒప్పుకునేలా చేసి 1993లో సారా నిషేధానికి దారితీసింది. భర్త తాగుడు గురించి నడిబజారులో చెప్పగలిగిన చోట కూడా తన బట్ట తడవడం గురించి చెప్పుకోవడం వేరే సంగతి. సంఘం తాగుడును పరుల దోషంగా చూసింది, దీన్ని ఆమె అశౌచంగా చూస్తోంది.

అశౌచమన్న మాట దగ్గరే మతం ఈ చర్చలోకి వస్తుంది. పతంజలి నియమాల్లో శౌచానిదే మొదటి స్థానం. మడి పాటించే ఇంట్లో పూజకు కూర్చున్న స్త్రీకి తుమ్ము వస్తే కలిగే భయాన్ని ఏ పట్టికా లెక్కించదు. ధర్మశాస్త్రాలు ఆతురులకు, అంటే రోగపీడితులకు, నియమాల్లో సడలింపు ఇచ్చాయి, కాని దాన్ని పొందాలంటే తాను ఆతురురాలినని ముందు చెప్పుకోవాలి. ఇస్లాం ధర్మవేత్తలు ఇంకా వివరంగా ఆలోచించారు. హనఫీ సంప్రదాయంలో ఒక నమాజు వేళ అంతటా, వజూ, అంటే నమాజుకు ముందు చేసే శుద్ధి, చేసుకుని ఫర్జ్, అంటే తప్పనిసరి, నమాజు ముగించేంత విరామం కూడా లేకుండా కారుతూనే ఉంటే ఆ మనిషి మాజూర్, అంటే మినహాయింపు గలవారు. ప్రతి వేళకూ ఒకసారి వజూ చేసుకుంటే చాలు, ఆ వేళ ముగిసేదాకా కారడంవల్ల అది చెడదు. సజ్దాలో, అంటే నుదురు నేలకు ఆనించేందుకు, వంగినప్పుడు మాత్రమే కారే స్త్రీ ఈ కొలతకు అందదు, ఆమెకు కూర్చుని సైగలతో నమాజు చేసే దారి చూపారు. ఒత్తిడిరకాన్ని, ఎడతెగని కారుడును ఆధునిక వైద్యులు వేరుచేయడానికి ఎంతో ముందే ఈ విభజన జరగడం ఒక విశేషమైతే, మాజూర్ అవునా కాదా అన్నది మొదట ఆమె తనకు తానే గమనించుకుని తెలుసుకోవలసినది కావడం అంతకన్నా ముఖ్యమైన విశేషం. ఇస్లాం ధర్మశాస్త్రం ఆమెను ఆప్తురాలిగా ఒప్పుకుంది.

నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగనాడు స్వర్ణాల చెరువులో దిగి హిందువులు, ముస్లింలు ఆరోగ్య రొట్టె అందుకుంటారు. ఆ రొట్టెకు రోగం పేరు చెప్పనక్కరలేదు. ప్రశ్నావళికి ఆ దయ లేదు, పేరు పెట్టి అడగక తప్పదు; అందువల్లనే అడిగే తీరులో బాధ్యత పెరుగుతుంది. ఈ బాధ బతుకును ఎంత కుదించిందో కొలిచే ఐఐక్యూ-7 ప్రశ్నావళి ఇంటిపనిని, ప్రయాణాన్ని, వినోదాన్ని, మనసు కుంగడాన్ని అడుగుతుంది, ఆరాధనను అడగదు. తెలుగులో ఆ ప్రశ్నను చేరిస్తే ఇతర భాషల మార్కులతో పోలిక చెడుతుంది, చేర్చకపోతే ఈ తీరపు స్త్రీ ఎక్కువగా పోగొట్టుకున్నదే లెక్కలోకి రాదు. మార్కులకు వెలుపల విడి ప్రశ్నగా అడగడమే సరైన దారి.

కుమారిలుడి రెండు బాధకాల్లో మొదటిది, విరుద్ధ జ్ఞానం, ఈ బాధ విషయంలో అరుదు. రెండోది, కారణదోషం, అడిగేవారి పక్షాన సర్వత్రా కనిపిస్తుంది. కనుక తెలుగులో ఏ ప్రశ్నావళినైనా నిర్ధారితమని ప్రకటించేవారు ఆల్ఫా అంకెతోపాటు, అడిగింది స్త్రీయా పురుషుడా, పక్కన ఎవరున్నారు, దొడ్డి ఎంతదూరం అన్న వివరాలను కూడా ప్రచురించాలి. అవి లేని నివేదికను ఆమె మాటకు విరుద్ధమైన ప్రమాణంగా ఏ వైద్యుడూ స్వీకరించరాదు.