నాన్న కారూ, నాగసేనుడి రథమూ

"అక్కా, వెనక సీటు పీకేస్తాను. ఏమీ అనుకోవుగా?" అని మా తమ్ముడు తాడేపల్లిగూడెం నుంచి ఫోను చేశాడు. అనుకోవద్దంటే మనసు వింటుందా? వారం రోజులు అనుకుంటూనే కూర్చున్నాను.

ఆ సీటు మా నాన్న కారుది. 1983లో కొన్న ప్రీమియర్ పద్మిని. ఆ రోజుల్లో కారు కొనాలంటే డబ్బొక్కటే చాలదు, ఓపికా వుండాలి. బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. ఏలూరులో డాక్టరైన నాన్న ఆ కార్లో కొల్లేటి వూళ్ళన్నీ తిరిగారు. లంకల నుంచి పడవ మీద రేవుకు చేర్చిన రోగిని ఆ వెనక సీట్లోనే పడుకోబెట్టుకుని వచ్చేవారు. ఒక వానరాత్రి గట్టు రోడ్డు మీద ఒక తల్లి ఆ సీట్లోనే ప్రసవించింది కూడా. నాన్న పోయాక కారు పదేళ్ళు షెడ్డులో పడివుంది. కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి.

తమ్ముడు దాన్ని బాగుచేయిస్తానంటే అందరం సంతోషించాం. తుప్పు తిన్న అడుగు రేకు కోయించి కొత్తది వెల్డింగ్ చేయించాడు. 1089 సీసీ ఇంజను విప్పించి, సిలిండర్లు బోరు కొట్టించి, పిస్టన్లు మార్పించాడు. ఇంతవరకూ బాగానే వుంది. ఆ తర్వాత బయటపెట్టాడు అసలు సంగతి. దాన్ని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద తిప్పుతాడట! అందుకని ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకుల బదులు డిస్కు బ్రేకులు, పొట్టి స్ప్రింగులు, బోల్తాపడినా పైకప్పు నలగకుండా లోపల ఇనప గొట్టాల పంజరం. బరువు తగ్గాలి గనక వెనక సీటుకు ఉద్వాసన. ఇష్టమొచ్చినట్టు మార్చిన బండి రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం వూరుకోదు గనక, లారీ మీద తీసుకెళతాడట.

"పందెమా?" అన్నాను.

"కాదక్కా, ట్రాక్ డే అంటారు. గెలవటం, ఓడటం వుండవు. ఎవరి బండి వాళ్ళు తోలుకోవటమే."

"తోలుకుంటూ ఎక్కడికెళతావురా?"

"ఎక్కడికీ వెళ్ళం. 3.7 కిలోమీటర్లు చుట్టి బయల్దేరినచోటికే వస్తాం."

నవ్వొచ్చింది. వెనకాలే కోపమూ వచ్చింది. ప్రాణాలు మోసిన బండి వూరికే గిరగిరా తిరగటమా? అయితే, నిజం చెప్పొద్దూ, ఇదేమీ కొత్త పిచ్చి కాదు. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్వే మీద దశాబ్దాల పాటు పందేలు జరిగాయి. పెళ్ళికూతుళ్ళను అత్తారిళ్ళకు దింపిన జాతి ఫియట్లూ, అంబాసిడర్లే అక్కడ నడుం బిగించి పరుగెత్తాయి. ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చింది 1990లో.

ఏలూరుకు సుమారు 40 కిలోమీటర్లలో గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. చిన్నప్పుడు ఆ కార్లోనే వెళ్ళాం. ఆ గుహల తలపుతో పాటే నాగసేనుడి కథ గుర్తొచ్చింది. మిళిందుడనే యవనరాజు ఏదో వాదం వేసుకుంటే, "నువ్వు రథమెక్కి వచ్చావు గదా, ఇరుసా రథం? చక్రాలా? నొగలా?" అని అడిగాడట ఆ భిక్షువు. ఏ ఒక్కటీ కాదు. అన్నీ కూడితే మనం పెట్టుకున్న పేరే రథం.

మరి పిస్టన్లు మార్చినప్పుడు లేని బాధ సీటు దగ్గర ఎందుకొచ్చింది నాకు? నా జ్ఞాపకం ఆ సీట్లో కూర్చుంది గనక! అమ్మకైతే ఆ కారంటే వీధి మలుపులో వినబడే హారను. తమ్ముడికో, స్టీరింగు పక్కనుండే గేరు కాడ. వాడి చేతిమీద తన చెయ్యివేసి నాన్న నేర్పింది దానిమీదే. ఒక్క కారు, ముగ్గురికి మూడు రథాలు. అందులో నాదే అసలైనదని ఏ న్యాయాన అనను?

మా కొల్లేరునే చూడండి. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టి సరస్సును బాగుచేయబోయారు. ఏనాటి కొల్లేటిని తెస్తారు? మా అమ్మమ్మ చూసిన కొల్లేటినా? గడిచిన రోజును ఎవరూ తేలేరు. తమ్మిలేరూ, బుడమేరూ తెచ్చిపోసిన నీటికి ఉప్పుటేరుదాకా దారి ఇవ్వగలరు, అంతే. పాతదాన్ని బాగుచేయటమంటే ఆగిపోయినదాన్ని మళ్ళీ కదలనివ్వటం కాబోలు అనిపిస్తుంది. అయితే అలా కదిలేటప్పుడు ఎవరిదో కొంత పోతుంది. చెరువులు పోగొట్టుకున్నవాళ్ళను అడిగితే చెబుతారు. అందుకే, మార్చటం తప్పా ఒప్పా అన్నదానికన్నా, పోగొట్టుకునేవాళ్ళను ముందుగా అడిగామా అన్నది పెద్ద ప్రశ్న.

తమ్ముడు అడిగాడు. వాడు అడక్కుండా పీకేసివుంటే ఈ జన్మకు క్షమించేదాన్ని కాదేమో!

అమ్మతో చెబితే, "మీ నాన్న గట్టు రోడ్డు మీద అరవై దాటిస్తే నేను పోట్లాడేదాన్ని. పిల్లలూ గేదెలూ అడ్డంరాని చోట తోలుకుంటానంటే నీకేం నెప్పే?" అంది. వేగాన్ని వూరి రోడ్ల నుంచి తప్పించి ఒక గిరి గీసి అందులో వుంచటం మంచిదేగా మరి!

"తీసెయ్యి, పారెయ్యకు" అన్నాను వాడితో.

ఇప్పుడా సీటు మా వరండాలో వుంది. కూర్చుంటే స్ప్రింగులు పాత గొంతుతోనే మూలుగుతాయి. ఏ నాగసేనుడైనా వచ్చి, "ఇదేనా మీ నాన్న కారు?" అంటే నా దగ్గర జవాబు లేదు. ముందు కూర్చోమంటాను.