క్రొత్త తొట్టిలోని నాచు

(ధ్యాన భాగము: లూకా 13:6-9)

ఓపికకును సోమరితనమునకును భేదమేమి? సముద్రపు చేపలను పెంచు గాజుతొట్టి దీనిని మనకు నేర్పగలదు. విశాఖపట్నపు మత్స్యదర్శినిలో అట్టి తొట్లను మనలో కొందరు చూచియుందురు.

ఉప్పునీటి తొట్టిని క్రొత్తగా పెట్టిన కొన్ని వారములలోనే ఇసుకమీదను గాజుమీదను గోధుమరంగు నాచు పేరుకొనును. ఇది డయాటములను సూక్ష్మజీవుల గుంపు. వాటి పెంకు సిలికాతో ఏర్పడును. మన చిట్యాలవంటి రాతినేలలలో బోరునీటియందు ఆ సిలికా కరగియుండును. తొందరపడి తొట్టినంతయు కడిగినయెడల, నీటిని శుద్ధిచేయు మేలైన బాక్టీరియాయు పోవును. క్రొత్త బోరునీటితో సిలికా మరల వచ్చును. తెలిసినవాడు నాచును మెల్లగా తుడిచి, సిలికా తీసివేసిన నీరు పోసి, మేత తగ్గించి కనిపెట్టును. సిలికా తరిగినకొలది నాచును తగ్గిపోవును.

ప్రియులారా, నిన్న బాప్తిస్మము పొందిన సహోదరుని నోట నేడు కల్లు వాసన వచ్చినదని సంఘమునుండి తొలగింతుమా? లేక చూచియు చూడనట్లుందుమా? అంజూరపు చెట్టు కొరకు వేడుకొనిన తోటమాలి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. త్రవ్వి ఎరువు వేయుటకు ఒప్పుకొనెను. అతడడిగిన గడువును ఒక్క సంవత్సరమే.

కనుక కల్లు దుకాణము పిలుచు సాయంకాలపు వేళకే ఆ సహోదరుని యింట ప్రార్థన పెట్టుదము. ఆయన భార్యాబిడ్డలు దెబ్బలు తినుచు పస్తులుండినయెడల మాత్రము, ఓపిక పేరట మనము మౌనముగా నుండుట పాపము. వారిని ముందు కాపాడవలెను.

పనిచేయుచు కనిపెట్టుటయే ఓపిక. అట్టి మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.