చీటికి తెలియునా?

చీటి వేయుట పాపమా, కాదా అని మన గ్రామసంఘములలో తరచుగా అడుగుచుందురు. ఒక్క మాటలో జవాబు చెప్పుట కష్టము. ఏలయనగా పరిశుద్ధ గ్రంథములోనే చీట్లు అనేక విధములుగా కనబడుచున్నవి. యెహోషువ షిలోహులో చీట్లు వేసి గోత్రములకు భూమి పంచిపెట్టెను (యెహోషువ 18:10). ఓడవారు చీట్లు వేయగా యోనా పేరు వచ్చెను. బబులోను రాజు రెండు దారులు చీలినచోట నిలిచి, ఏ పట్టణము మీదికి పోవలెనో తెలిసికొనుటకు బాణములతో శకునము చూచెను (యెహెజ్కేలు 21:21). సిలువ క్రింద సైనికులును మన ప్రభువు అంగీ కొరకు చీట్లు వేసికొనిరి. చేసిన పని ఒకటే గాని అడిగిన ప్రశ్నలు వేరు.

ఈ మధ్య ఈ సంగతి క్రొత్త వేషములో మా యెదుటికి వచ్చినది. మా ప్రాంతపు పిల్లలు కొందరు హైదరాబాదులోని అశోక్‌నగర్‌లో గదులు అద్దెకు తీసికొని సర్కారు ఉద్యోగముల పరీక్షలకు సిద్ధపడుచున్నారు. పగలు చిక్కడపల్లి గ్రంథాలయములో చదువుదురు. రాత్రి ఇంటికి ఫోను చేసి అంతా బాగున్నదని చెప్పుదురు. వారిలో ఒకడు మూడేండ్లుగా అక్కడనే యున్నాడు. అతని చదువు కొరకు తండ్రి అర ఎకరము అమ్మెను. ఇంకొక యేడు ఉండవలెనా, ఊరికి వచ్చి దొరికిన పనిలో చేరవలెనా యని తేల్చుకొనలేక, అతడు ఫోనులో ఒక చీనా శకున గ్రంథమును అడుగుచున్నాడు. “అయ్యగారూ, ఇది జోస్యము కాదు, లెక్క” అని మాతో అనెను. లెక్కయైతే చూతము రమ్మని, అంబర్‌పేటలో మేము దిగిన ఇంటి అరుగు మీద మూడు రూపాయి బిళ్లలు పెట్టుకొని కూర్చుంటిమి.

ఆ గ్రంథము పేరు ఈ-చింగ్, అనగా మార్పుల గ్రంథము. క్రీస్తు పుట్టుటకు ఎన్నో వందల ఏండ్ల ముందటిది. అందులో గీతలు రెండే రకములు: నిండు గీత, నడుమ తెగిన గీత. మూడేసి గీతలు పేర్చిన ఎనిమిది గుర్తులు, ఆరేసి పేర్చిన అరువది నాలుగు గుర్తులు వచ్చును. ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క వాక్యము కలదు. అడుగువాడు కాడలను గాని నాణెములను గాని వేసి, క్రిందినుండి పైకి ఒక్కొక్క గీతను పొందును. ప్రతి గీతకును 6, 7, 8, 9 అను నాలుగు అంకెలలో ఒకటి వచ్చును. 7, 9 నిండు గీతలు. 6, 8 తెగిన గీతలు. వీటిలో 6, 9 వచ్చిన గీతలు నిలువవట, మారిపోవునట. అందుకే వాటికి విలువ ఎక్కువ.

పాత పద్ధతిలో యాభై కాడలు తీసికొని, ఒకటి ప్రక్కన పెట్టి, మిగిలిన నలుబది తొమ్మిదిని రెండు కుప్పలుగా విడదీసి, నాలుగేసి చొప్పున లెక్కించి మిగిలినవి తీసివేయుదురు. ఇట్లు మూడు మారులు చేయగా ఒక గీత వచ్చును. ఈ పని నూట అరువది మారులు చేసినచో 6 సుమారు పది మారులు, 7 యాభై, 8 డెబ్బది, 9 ముప్పది మారులు వచ్చునని గణితజ్ఞులు లెక్కగట్టిరి. మూడు నాణెములతో వేసినచో అదే నూట అరువదికి 6 ఇరువది, 7 అరువది, 8 అరువది, 9 ఇరువది వచ్చును. మారు గీతలు రెండింటను నలుబదియే. కాని కాడలు నిండు గీతను తెగిన గీతకంటె మూడింతలు తరచుగా మార్చును. నాణెములు రెండింటిని సమముగా మార్చును. అడుగువాడు ఒకడే, ప్రశ్న ఒకటే; సాధనము మారగానే జవాబుల పాళ్లు మారెను. పలుకువాడు లోపల నుండినయెడల, కాడలతో ఒక తీరున, రాగి బిళ్లలతో మరియొక తీరున పలుకనేల?

ఇక ఆ ఎనిమిది గుర్తుల మాట. బడిలో తెలుగు పద్యము చదివినవారికి అవి క్రొత్తవి కావు. మన ఛందస్సులో లఘువు, గురువు అని రెండే. మూడేసి కూర్చిన య, మ, త, ర, జ, భ, న, స అని గణములు ఎనిమిది. రెండేసి గణములు ప్రక్క ప్రక్కన పెట్టినచో అరువది నాలుగు. వీటిని వరుసగా వ్రాయు ప్రస్తారమును పూర్వము పింగళుడే చెప్పెను. ఆరు అక్షరములలో ఎన్ని గురువులున్నవో చూచి వేరు చేసినచో 1, 6, 15, 20, 15, 6, 1 అని వచ్చును. చీనా గుర్తులను నిండు గీతలను బట్టి వేరు చేసినను ఇదే వరుస. ఎవరును ఎవరి యొద్దను నేర్చుకొననక్కరలేదు. రెండు వస్తువులను ఆరు మారులు పేర్చిన ఏ దేశములోనైనను ఇంతే.

మన లక్షణకర్తలు గణములకు దేవతలను, ఫలములను కూడ కల్పించిరి. కావ్యము చెడు గణముతో ఎత్తుకొన్నచో కీడు కలుగునని కవులు జాగ్రత్తపడిరి. ఇక్కడ చిత్రము చూడుడు. లఘువును నిండు గీతగా, గురువును తెగిన గీతగా ఎంచుదము. మూడు గురువుల మగణమునకు మనవారు భూమి యనిరి. మూడు తెగిన గీతలకు చీనావారును భూమి యనిరి. మూడు లఘువుల నగణము మనకు స్వర్గము, వారికిని ఆకాశము. జగణము మనకు సూర్యుడు. వారి గుర్తు అగ్ని, సూర్యుడు. ఆ పిల్లవాడు లేచి నిలువబడెను! అయితే రగణము దగ్గర కథ తిరిగినది. మనకు అది అగ్ని. వారికి అదే గుర్తు నీరు. సరే, గురువునే నిండు గీత యనుకొందము. అప్పుడు అగ్ని అగ్నితో కలిసినది గాని భూమి ఆకాశమును, ఆకాశము భూమియు ఆయెను. కలుపవలెనని కూర్చున్నవానికి ఎటు త్రిప్పినను ఏదో ఒకటి కలియును. గీతల లెక్క రెండు దేశములలోను ఒకటే. అర్థములు మాత్రము మనుష్యులు అంటించినవి.

ఇందులో చిక్కుకొన్నది అన్యులు మాత్రమే యనుకొనవద్దు. పెకింగులో నుండిన బూవే అను క్రైస్తవ మిషనరీ, సత్యదేవుని గూర్చిన ఆదిజ్ఞానము ఆ చీనా గ్రంథములో దాగియున్నదని నమ్మి, 1701లో ఆ అరువది నాలుగు గుర్తుల పటమును జర్మనీ తత్త్వవేత్త లైబ్నిజునకు పంపెను. సున్నను, ఒకటిని మాత్రమే వాడి అన్ని సంఖ్యలను వ్రాయు లెక్కను లైబ్నిజు అంతకు ముందే కనిపెట్టియుండెను. ఒకటి దేవునికి, సున్న శూన్యమునకు గుర్తులని తలంచినవాడు. పటములో తన లెక్కయే కనబడగా సంతోషించి 1703లో ప్రకటించెను. నేటి కంప్యూటర్లు ఆ రెండంకెల లెక్కతోనే నడుచుచున్నవి గనుక అతని శ్రమ వృథా కాలేదు. కాని ఆ పటములోని వరుస పదునొకండవ శతాబ్దపు షావ్ యుంగ్ పద్ధతిది. అసలు గ్రంథములోని వరుస అది కాదు. అందులో ప్రతి గుర్తును, దానిని తలక్రిందులు చేసినదియు జతగా నుండును. తలక్రిందులు చేసినను మారని ఎనిమిదింటిని వాటికి ఎదురైన వాటితో జతపరచిరి. గొప్ప పండితుడును భక్తుడును తాము తెచ్చుకొన్నదానినే అక్కడ చూచిరి.

అట్లయిన చీటి వ్యర్థమా? కాదు. ఎన్నికలో ఇద్దరికి సమానముగా ఓట్లు వచ్చినచో చీటి వేసి తేల్చవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోనే యున్నది. చెరువు క్రింద నీటి వంతులకు చీట్లు వేసికొన్నచో ఎవరును అలుగరు. ఏలయనగా చీటికి ఎవరి కులము తెలియదు, ఎవరి ధనము తెలియదు, ఎవడు పెద్దమనిషి బావమరిదియో తెలియదు. దానికి ఏమియు తెలియకపోవుటయే దాని మేలు. తెలియదు గనుక న్యాయమని పంపకములో ఒప్పుకొని, మరునాడు అదే చీటిని, నా బ్రదుకు సంగతి నీకు తెలియును, చెప్పుమని అడుగుట యెట్లు?

చీటి యెట్లు పడినను దేవుని చేతికి వెలుపల పడదని సామెతలు 16:33 చెప్పుచున్నది గదా యని ఆ పిల్లవాడే అడిగెను. మంచి ప్రశ్న. లెక్క చూచినందున దేవుడు లేడని తేలదు. లోపల ఎవరును పలుకకపోయినను చీట్లు ఇట్లే పడునని మాత్రము తేలును. వాన కూడ ఆయన చేతిలోనిదే. అయినను ఎవరికి పిల్లనియ్యవలెనో వానను అడుగము. మత్తీయ సంగతి జాగ్రత్తగా చదువుడి. మొదటినుండి ప్రభువుతో నుండినవాడై యుండవలెనని అపొస్తలులు ముందుగా నిర్ణయించి, తగినవారిని ఇద్దరిని నిలువబెట్టి, ప్రార్థించి, పిమ్మట చీటి వేసిరి. ఎవడు వచ్చినను పని చెడదు. ఆత్మ దిగివచ్చిన తరువాత వారు చీటి వేసినట్లు అపొస్తలుల కార్యములలో లేదు. ఆరవ అధ్యాయములో ఏడుగురు కావలసివచ్చినప్పుడు, మీలో మంచిపేరు గలవారిని మీరే చూచుకొనుడని సంఘముతో చెప్పిరి.

ఆ యువకునికి మేము రెండు దారులలో ఏదియు చెప్పలేదు. గడచిన పరీక్షలలో వచ్చిన మార్కులెన్ని, గది అద్దె ఎంత, తండ్రికి మిగిలిన భూమి ఎంత, అప్పు ఎంత, ఇవన్నియు ఒక కాగితము మీద వ్రాయుమంటిమి. వ్రాసెను. ఆ కాగితమును తండ్రికి చూపితివా అంటే తల వంచుకొనెను. నాణెములతో ఇన్ని రాత్రులు మాటలాడినవాడు తండ్రితో ఒక్క రాత్రియు ఈ మాట ఎత్తలేదు. నాణెములు కోపపడవు, కన్నీరు పెట్టవు. మరుసటి ఆదివారము ఇంటికి పోయి చెప్పుదునని మాటయిచ్చెను.

డిసెంబరు 31వ తేది రాత్రి మన గుడులలో వాగ్దాన కార్డుల పళ్లెము మరల వచ్చును. కన్నులు మూసికొని తీసిన కార్డు నచ్చక, దానిని మెల్లగా లోపల పెట్టి మరియొకటి తీయువారిని ఏటేట చూచుచున్నాము. ఈసారి అట్టివారిని గద్దింపక, తిరిగి పెట్టిన ఆ మొదటి కార్డులో ఏ వాక్యమున్నదో, అది ఎందుకు నచ్చలేదో, ప్రక్కకు పిలిచి అడుగుదమని అనుకొనుచున్నాము.