సూతకము వేరు, జాగ్రత్త వేరు

వీరశైవులకు పంచసూతకములు లేవు. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఐదింటివలన మానవునకు మైల సోకునను భావమును పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరాది శరణులు త్రోసిపుచ్చిరి. లింగధారికి అంటు లేదనుట ఆ ధర్మమునకు పునాది. అట్టి ధర్మమున పుట్టినవారు అంటువ్యాధి ప్రబలినపుడు ముఖమునకు వస్త్రము కట్టుకొని తోటివానికి ఎడముగా నిలువవచ్చునా? విడిచిన సూతకమును మరల తలకెత్తుకొనుట కాదా? ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు.

2020 మార్చిలో కరోనా కారణముగా దేశమంతట రాకపోకలు స్తంభించినవి. ఆ యేడు ఏప్రిల్ 26న వచ్చిన బసవజయంతిని భక్తులు ఇండ్లలోనే జరుపుకొనిరి. మే 19న తెలంగాణ జిల్లాలలో ఆర్టీసీ బస్సులు మరల కదలినపుడు ముఖవస్త్రము తప్పనిసరి యైనది. బాన్సువాడ బస్టాండున నిజామాబాదు బస్సు ఎక్కు రైతు, బిచ్కుందకు పోవు వర్తకుడు, ఆసుపత్రికి పోవు గర్భిణి ఒకే గాలిని పీల్చుచు పయనింపవలసినవారే.

ఇచట విచారింపవలసినది దూరమును గాదు, దాని వెనుకనున్న భావమును. “నేను శుద్ధుడను, నీవు మైల” అనునది సూతకము. “రోగము నాయందే యుండునేమో, అది నీకు సోకరాదు” అనునది జాగ్రత్త. కరోనా సోకినవారిలో కొందరికి ఏ లక్షణమును కానరాదు. అయినను వారి శ్వాసనుండి, మాటనుండి అది ఇతరులకు ప్రాకును. కావున ముఖవస్త్రము ధరించుట ఎదుటివానిని శంకించుట కాదు, తన్ను తాను శంకించుకొనుట. జాతిసూతకము పుట్టుకను చూచును, తరతరములు వెంటాడును. జాగ్రత్తకు కులము లేదు. మఠాధిపతికిని కూలివానికిని నియమ మొక్కటే. రోగము తీరిన నియమమును తీరును.

అయితే జాగ్రత్తయే సూతకముగా మారు ప్రమాదము కలదు. 2020లో రోగులకు సేవచేసిన వైద్యులను, నర్సులను అద్దె యిండ్లనుండి పొమ్మన్న సందర్భములు కలవు. వైద్యసిబ్బందిపై దాడులను శిక్షించుటకై ఆ యేడు ఏప్రిల్ 22న కేంద్రము 1897 నాటి అంటువ్యాధుల చట్టమును ఆర్డినెన్సు ద్వారా సవరింపవలసి వచ్చినది. దేహమును తాకక, తగు జాగ్రత్తలతో అంత్యక్రియలు జరుపవచ్చునని ప్రభుత్వ నియమములు తెల్పినను, కొన్నిచోట్ల శ్మశానములందు మృతులకు చోటు నిరాకరింపబడినది. ఇది జాగ్రత్త కాదు. వేషము మార్చుకొని వచ్చిన మరణసూతకమే. కోలుకొన్నవాని గడప త్రొక్కనివాడు, వాని చేతి నీరు త్రాగనివాడు, మెడలో లింగమును ధరించియు శరణుల మాటను విడిచినవాడగును.

ఆచారము విషయమునను సంకోచము వలదు. పాదోదకమును ఒకే గిన్నెనుండి గాక ఎవరి దోసిట వారు స్వీకరించినచో దాని మహిమ తరుగదు. ఇష్టలింగపూజ అరచేతిలోనిది; గుడి తలుపులు మూతపడినను ఆగదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. నిర్బంధములు పోయినవి గాని ధర్మము పోలేదు. దగ్గు, జ్వరము కలవాడు జాతరకు, సంతకు పోక యింట నుండుట, పోక తప్పనిచో ముఖవస్త్రము ధరించుట, బస్సులో కిటికీ తెరచుట, సబ్బుతో చేతులు కడుగుకొనుట: వీనిని నేడు అడుగువారు లేరు. అడుగువారు లేనపుడు చేయునదే దయ.

తుదకు ఒక్క గుర్తు చాలును. రోగికి ఎడముగా నిలిచినవాడు వాని యింటికి అన్నము పంపినచో అది జాగ్రత్త, అదియే దాసోహము. పంపనిచో అది సూతకము.